రోజుకొకటి చొప్పున

బట్టల సంచి గడప దాటి బయటికొచ్చింది. వసంత మాత్రం ఇంకా గడప లోపలే ఉంది.

సంచిని అక్కడ పెట్టింది ఏసమ్మ. విసిరికొట్టలేదు, అరవలేదు. పొయ్యిలో బూడిద ఎత్తి అవతల పోసినంత మామూలుగా, కోడలి చీరలు మడిచి, సంచిలో కుక్కి, తెచ్చి వాకిట్లో పెట్టి, చేతులు దులుపుకుని లోపలికొచ్చింది. అరిచే అత్తకైతే ఎదురు చెప్పొచ్చు. చీరలు మడిచిపెట్టే అత్తకు ఏం చెప్తాం?

"మీ అన్నకు ఫోను చేయించిన," అంది ఏసమ్మ. "పొద్దుగూకే యాళ్ళకు అయిజ నుంచి వస్తడంట. పోయి కొన్నొద్దులు ఆడ ఉండు. పాస్టరు సారును పిలిచి నలుగుర్ల మాట్లాడేది ఉంటే తర్వాత మాట్లాడుకుందం."

"నేనేం చేసిన అత్తా?"

"ఏం చెయ్యలేదు. గదే గదా నేను చెప్పేది. కండ్ల ముందల రోజుకొకటి చొప్పున జీవాలు చస్తుంటే ఏం చెయ్యకుంట కూసున్నవు. అమరచింతకు పోయి పశువుల డాక్టరును పిలుచుకొస్తే నీ కాళ్ళు అరుగుతుండెనా?"

వసంత మొగుడి వైపు చూసింది.

గోపి చూరు కింద కూర్చుని మందు కొట్టే పంపు ముక్కు ఊడదీసి పిన్నీసుతో పొడుస్తున్నాడు. ఆ ముక్కు ఎప్పుడో శుభ్రమైంది. అయినా పొడుస్తూనే ఉన్నాడు.

"నువ్వన్న చెప్పయ్యా," అంది వసంత.

"ఏం చెప్పాలె?" అన్నాడు గోపి, తల ఎత్తకుండా.

వసంతకు కోపం రాలేదు. కోపం రావడానికి కూడా ఒంట్లో కొంత సత్తువ ఉండాలి. అంబలి గిన్నె తీసుకుని లోపలికి పోయింది. ఇల్లు విడిచి పొమ్మన్నా సరే, మామ అంబలి తాగే పొద్దు మాత్రం అయింది కదా.

జరిగింది ఏమిటో వసంతకు, గోపికి తెలుసు. ఇంట్లో మిగిలినవాళ్ళకు తెలియదు.

మృగశిర కార్తె ఇంకా రాకముందే ఈ యేడు ఒక వాన పడింది. పక్క చేను ఆసామి పట్నంలో ఉంటాడు. ఎండాకాలం వేసిన పచ్చిజొన్న కోయించుకుని మోళ్ళు అట్లాగే వదిలేశాడు. ఎండకు మాడిన మోళ్ళు ఆ ఒక్క వానకు పిలకలు వేశాయి. చూసే కంటికి చల్లగా, చేనంతా పచ్చగా. ఆ చిగురునే నాము అంటారు. దాంట్లో విషముంటుంది. నాము తిన్న జీవం నాలుగడుగులు వేయదు, పొట్ట ఉబ్బి నురుగు కక్కి పడిపోతుంది. మేకలు కాసే ఇంట్లో పుట్టినవాడికి ఈ సంగతి ఎవరూ చెప్పనక్కర్లేదు.

కానీ గోపి ఇంట్లో పుట్టాడే గానీ ఇంట్లో ఉన్నదెప్పుడు? మీసం మొలిచినప్పటి నుంచి పూణెలో, బెంగుళూరులో పెద్ద పెద్ద బిల్డింగుల మీద సెంట్రింగు పని. తండ్రికి గుండె ఆపరేషనని తల్లి కూడా పట్నం పోతే, జీవాలను చూసుకోవడానికి వచ్చాడు. సిమెంటు, ఇసుక, కంకర ఎంతెంత కలపాలో నిద్రలో లేపి అడిగినా చెప్తాడు. నాము సంగతి మాత్రం గుర్తుకు రాలేదు. పచ్చగా కనిపించింది, తోలాడు.

ఆ పొద్దు వసంత రేషను బియ్యానికి ఊళ్ళోకి పోయింది. తిరిగొచ్చేసరికి మోళ్ళ నడుమ మేకలు, గొర్రెలు అన్నీ పక్కలకు ఒరిగి ఉన్నాయి. వాటి నడుమ గోపి ఒక మేకపిల్లను ఒళ్ళో పెట్టుకుని దాని నోట్లో చింతపండు పులుసు పోస్తున్నాడు. అది చచ్చిందని చూసుకోనే లేదు. పోసిన పులుసు పోసినట్టే పక్క నుంచి కారిపోతోంది.

చేని చివర, ఇంటి గోడలకు ఎర్రమట్టి తీసిన పాత గుంత ఉంది. అన్నింటినీ అందులోకే లాగారు. మీద సున్నం చల్లారు, మట్టి కప్పారు. అప్పుడన్నాడు గోపి:

"నాయినకు ఒక్కపారే చెప్తే గుండె ఆగుతది. నువ్వు జర జర చెప్పు. ఈయాల ఒకటి పోయిందను, రేపొకటి అను. రోగమొచ్చిందను."

ఇది గోపి కొత్తగా కనిపెట్టిన ఉపాయం కాదు. ఊళ్ళో మనిషి పోయి పాడె కట్టేటప్పుడు కూడా, బెంగుళూరులో ఉన్న కొడుక్కి "జర సీరియస్‌గ ఉంది, బయల్దేరు" అనే చెప్తాం. బస్సు కర్నూలు దాటాకనో కొత్తకోట దాటాకనో ఇంకొంచెం చెప్తాం. ఊరి పొలిమేరలో మిగతాది డప్పు చెప్తుంది. దీన్ని మన దగ్గర ఎవరూ అబద్ధమనరు, మర్యాద అంటారు. వసంత కూడా అట్లాగే అనుకుంది. మాటిచ్చింది.

అయితే ఆ మాట నిలబెట్టుకోవడం ఎంత పాపిష్టి పనో ఇవ్వకముందు తెలియదు. ప్రతి సాయంత్రం ఫోను చేయడానికి ముందు, చచ్చిన జీవాల్లో ఈ రోజు ఏది చావాలో వసంతే ఎంచాలి. నల్లకొమ్ముల మేకనా, బొల్లి గొర్రెనా? మామ ఒక్కొక్కదాన్ని పేరు పెట్టి అడుగుతాడు. చుక్క మేక అంటే ఆయనకు ప్రాణం. నుదుట తెల్లమచ్చ ఉంటుంది, ఆయన బీడీ వాసన పట్టి వెనకాలే తిరిగేది. అందుకని వసంత చుక్కను అన్నింటికంటే ఆఖరుకు దాచుకుంది.

"చుక్క మేస్తుందా బిడ్డా?" అని పట్నం నుంచి ఆ నీరసపు గొంతు.

"మేస్తుంది మామా." గుంత మీద మట్టి ఇంకా ఆరలేదు అప్పటికి.

అట్లా ఆ ముచ్చట నెల పైన నడిచింది. ఆఖరుకు చుక్క కూడా "పోయింది". గోపి పట్నం పోయి తోలుకొస్తే ఆపరేషనైన మనిషి ఇల్లు చేరాడు. పలకరించడానికి వచ్చినవాళ్ళను గోపి వాకిట్లోనే ఆపి, జీవాల మాట ఎత్తొద్దని చెప్పి పంపాడు. నాయినకు జర బలమొచ్చినంక మనమే చెప్దామని పెళ్ళానికి చెప్పాడు. ఆ బలం ఎప్పుడొస్తుందో చెప్పలేదు. ఈలోగా ఏసమ్మ మనసులో లెక్క ఒకటి కుదిరిపోయింది. రోగమొచ్చి నెల రోజులు జీవాలు ఒకటొకటిగా పోతుంటే, ఇంట్లో ఉన్న ఆడది గుడ్లప్పగించి చూసింది. ఆ లెక్కలో తప్పేముంది, మీరే చెప్పండి. ఆమెకు చెప్పింది అంతే కదా.

లోపల మామ బుచ్చన్న మంచం మీద దిండుకు ఆనుకుని కూర్చున్నాడు. పక్కన స్టూలు మీద కూతురు శిల్ప. వనపర్తి దగ్గర గురుకులంలో సైన్సు టీచరు, తండ్రిని చూడడానికి సెలవు పెట్టుకుని వచ్చింది. సెల్లు పట్టుకుని ఎంతసేపటి నుంచో చదువుతోంది. బయట తల్లి మాటలు వినబడుతున్నా వినబడనట్టే ఉంది. పెళ్ళి కావాల్సిన ఆడబిడ్డ వదిన తగాదాలో నోరు పెడితే ఏమవుతుందో ఆమెకు తెలుసు.

"ఏం చదువుతున్నవు బిడ్డా?" అన్నాడు బుచ్చన్న. బయటి మాటలు ఆయనకూ వినబడుతున్నాయి. వాటి మీద నుంచి దృష్టి మళ్ళించడానికే అడిగాడు.

"రాక్షసిబల్లుల ముచ్చట నాయినా. అవి ఒక్కపారే చచ్చినయా, మెల్లగ చచ్చినయా అని పిల్లలు అడిగిండ్రు. నాకు సక్కగ చెప్పనీకి రాలే."

"ఎట్ల చస్తే ఏంది. చచ్చినయి గద."

"గట్ల కాదు. దీని మీద శాస్త్రవేత్తలు ఎంత కొట్లాడుకున్నరో తెల్సా? మనింట్ల లెక్కనే."

బుచ్చన్న అంబలి గిన్నె అందుకున్నాడు. "చెప్పు మరి. మందు గోలీలు మింగి మింగి నోరు చేదైంది. ఏదన్న ఇంటే పోతది."

వసంత గిన్నె ఇచ్చి వెనక్కి పోలేదు. తలుపు చెక్కకు ఆనుకుని నిలబడింది. ఎక్కడికి పోవాలి? వాకిట్లో సంచి ఉంది.

"రెండొందల ఏండ్ల కింద ఒక ఫ్రెంచి పండితుడు ఉండె," అని మొదలుపెట్టింది శిల్ప. "నేలను పొరలు పొరలుగ చూసిండు. ఒక పొరల ఉన్న జంతువులు పై పొరల లేవు. నడిమిట్ల ఏదో ఆపద ఒక్కపారే వచ్చి అన్నింటిని తుడ్చిపెట్టింది అన్నడు."

"నోవహు కాలంల వచ్చినట్టు."

"గదే తంటా అయింది నాయినా. సర్చి పెద్దలు గూడ గట్లనే అన్నరు, చూసిండ్రా, జలప్రళయం నిజమే అని. దాంతోటి చదువుకున్నోళ్ళకు ఆ మాటంటేనే చిరాకు లేసింది. తర్వాత ఇంగ్లండుల ఇంకో పండితుడు లేచి, ఒక్కపారి అనేది లేదు పో అన్నడు. ఈయాల వాన ఎట్ల పడుతుందో, కృష్ణ ఎట్ల ఒడ్డు కోస్తుందో, ఎన్కట గూడ గంతే. ఏదైనా సరే మెల్లమెల్లగ అయితది. ఆ మాట నూట యాభై ఏండ్లు నడిచింది. ఒక్కపారి అయిందన్నోణ్ణి పిచ్చోణ్ణి చూసినట్టు చూసిండ్రు."

"మరి పొర మారినట్టు కండ్లకు కనవడుతుండె గద?"

"నడిమిట్ల పొరలు కొట్టుకపోయినయి అన్నరు. పుస్తకంల కాయితాలు చినిగినట్టు."

ఏసమ్మ చీపురు తీసుకోవడానికి లోపలికొచ్చింది. "నీ బల్లులు సల్లగుండ. ఆయన అంబలి చల్లారుతుంది," అని చీపురుతో బయటికి పోయింది. వాకిలి మాత్రం ఊడ్వలేదు, గోడ పక్కన నిలబడిపోయింది. చెవి ఇటే ఉంది.

"మరి ఎవరు తేల్చిండ్రు?" అన్నాడు బుచ్చన్న.

"ఇటలీ దేశంల ఒక గుట్ట ఉంది నాయినా. కింద తెల్లరాయి, మీద తెల్లరాయి, నడిమిట్ల వేలు మందం మట్టి. ఆ మట్టి కింద ఉన్న ప్రాణులు మీద లేవు. రాళ్ళ చదువు చదివినాయన ఒకడు ఆ మట్టిని తీస్కపోయి వాళ్ళ నాయినకు చూపెట్టిండు. ఆ నాయినది వేరే చదువు, గొప్ప శాస్త్రవేత్త. ఇద్దరు కల్సి లెక్కతీసిండ్రు."

"తండ్రీకొడుకులు కూసొని మాట్లాడుకున్నరా?" అన్నాడు బుచ్చన్న. "మంచి దేశమే."

ఆయన నవ్వుకే అన్నాడు. బయట పిన్నీసు గీరుడు ఆగింది.

"భూమ్మీద శానా అరుదుగ దొరికే లోహం ఆ మట్టిల మస్తు ఉందంట. అది ఆకాశం నుంచి పడే రాళ్ళల ఎక్కువుంటది. అంటే గుట్టంత రాయి పడ్డది. దుమ్ము లేచి పొద్దు కనవడకుంట అయింది. పొద్దు లేక చెట్టూచేమా ఎండింది, వాటిని మేసేటియి పోయినయి, మేసేటియాటిని తినేటియి పోయినయి. ఇదంత మేం పుట్టకముందు, నలభై అయిదేండ్ల కింద చెప్పిండ్రు."

"ఒప్పుకున్నరా?"

"యాడిది. ఎముకలు తవ్వేటోళ్ళకైతే కారం పెట్టినట్టయింది. మేం ఎండల పడి తవ్వినోళ్ళం, మీరెవరు చెప్పనీకి అన్నరు. వాళ్ళ మాట గూడ తీసేసేది కాదు. ఆ మట్టి గీత దిక్కు పోను పోను ఎముకలు తక్కువైతున్నయి. గీతకు మనిషి నిలువు లోతు కిందనే ఆఖరు ఎముక దొరికింది. రాయి పడకముందే అవి జర జర అయిపోయినయి, మరి రాయి మీద నెపం ఎందుకు అన్నరు."

బుచ్చన్న గిన్నె కింద పెట్టాడు. "నిజమే గద. నేనైనా గట్లనే అంటుంటి."

"అందరం గట్లనే అంటం. కానీ ఇంకో ఇద్దరు శాస్త్రవేత్తలు కూసొని సోంచాయించిండ్రు. ఎముక దొరుకుడు అంత సులువు గాదు. వెయ్యి చస్తే ఒకటి దొరుకుతది. మనకు ఆఖరుకు దొరికింది, ఆఖరుకు చచ్చింది ఒకటే గాదు. అన్ని ఒక్కపూటనే చచ్చినా సరే, మన చేతికి వచ్చేటియి ఒకటి ఈడ, ఒకటి ఆడ, ఒకటి శానా కింద, ఒకటి జర మీద. బయటి నుంచి చూసేటోనికి ఎట్ల కనవడతది? రోజుకొకటి చొప్పున చచ్చినట్టే..."

శిల్ప నాలుక కరుచుకుంది. ఆ మాట ఈ వారం రోజులుగా ఇంట్లో ఎవరి నోట ఎన్నిసార్లు వచ్చిందో అందరికీ తెలుసు.

బయట ఏసమ్మ చేతిలో చీపురు నేలకు తగలలేదు.

వసంతకు ఎక్కడో ఇటలీ దేశపు గుట్టలో, చదువుకున్నవాళ్ళ తగాదాలో, ఎవరో తన సంగతి తీసి చెప్పినట్టుంది. ఒక్కపూట చావును తనే చేతులారా ముక్కలు చేసి రోజుకొక ముక్క ఫోనులో పంపింది. పట్నంలో కూర్చుని ఆ ముక్కలు ఏరుకున్నవాళ్ళు వేరే ఏమనుకుంటారు?

"తర్వాత?" అంది వసంత. మామకు, ఆడబిడ్డకు మాత్రమే కాదు, ఆ గొంతు ఆమెకు కూడా కొత్తగానే వినబడింది.

శిల్ప వదిన వైపు చూసింది. "తర్వాత మల్ల తవ్విండ్రు వదినా. స్పెయిన్ దేశంల సముద్రం ఒడ్డు గుట్టల ఒకాయన ఆ కాలపు సముద్ర ప్రాణుల గుల్లలు ఏరుతుండె. గీతకు శానా కిందనే ఇవి అయిపోయినయి అని ముందుగాల ఆయనే చెప్పిండు. మల్ల పోయి ఏరిండు, ఏరంగ ఏరంగ గీత దగ్గరి దాంక దొరికినయి. నేననుకున్నది తప్పు అని ఆయనే చెప్పిండు. ఆఖరుకు మెక్సికో దేశంల గుంత దొరికింది. ఆ రాయి పడ్డ గుంత. శానా పెద్దది, మీద మన్ను కప్పుకొని ఉండె. పెట్రోలు కోసం వెతికేటోళ్ళు ముందుగాలనే చూసి చెప్పిండ్రంట గూడ. ఎవరు చెవిన పెట్టలే."

"గుంత దొరికినంక నోర్లు మూతబడ్డయా?"

"శానా మందివి. ఇంక కొందరు మన దక్కను నల్లరాయి ముచ్చట ఎత్తుతరు. ఆ కాలంలనే మహారాష్ట్ర దిక్కు కరిగిన రాయి పారింది, ఆ పొగకు అవి ముందుగాలనే నీరసపడ్డయి అని. అది ఇంకా పూర తెగలే. కానీ ఒక్కపారి అయ్యేది ఉంటది అని మాత్రం అందరు ఒప్పుకున్నరు."

"గుంత ఉంది మామా," అంది వసంత.

బుచ్చన్నకు అర్థం కాలేదు. "ఏం గుంత బిడ్డా?"

"మన దగ్గర గూడ ఉంది. మట్టి తీసిన పాత గుంత. జీవాలను ఆడనే పెట్టినం."

ఏసమ్మ గడపలోకొచ్చింది. "ఆడ పెట్టుడేంది? చచ్చినయాటిని చచ్చినట్టు వాగుల పారేస్తున్న అని చెప్పిండు గద వీడు."

"వాగుల ఎయ్యలే అత్తా."

"ఏ ఒక్కటా?"

"ఏ ఒక్కటి ఎయ్యలే. అన్ని ఆడనే ఉన్నయి."

"రోజుకొకటి చస్తే రోజు పోయి ఆ గుంత తవ్వి మల్ల కప్పిండ్రా? నన్ను ఎడ్డిదాన్ని చేస్తున్నవా?" అని ఏసమ్మ కొడుకు వైపు తిరిగింది. "ఒరేయ్, నీ పెండ్లామేం మాట్లాడుతుందో నీకన్న తెలుస్తుందా?"

గోపి పంపు ముక్కు బిగిస్తున్నాడు. అది బిగుసుకున్నాక కూడా ఇంకా తిప్పుతున్నాడు.

బుచ్చన్న కాళ్ళు కిందికి దించాడు. "చెప్పులు యాడున్నయి?"

"యాడికి?" అంది ఏసమ్మ. "డాక్టరు నడవొద్దన్నడు గద. నువ్వు పడితే నేను మొయ్యాల్నా?"

"ఇన్నొద్దులు మోసినవు. ఇంకొకపారి మోస్తవు తియ్యి. చెప్పులియ్యి."

ఆయన వసంత భుజం మీద చెయ్యి వేసి నడిచాడు. ఇంకో పక్క శిల్ప పట్టుకుంది. వాకిట్లో సంచిని చుట్టుకుని పోవలసి వచ్చింది. అదేమిటని ఆయన అడగలేదు, అందరూ దాన్ని చూశారు. వెనక ఏసమ్మ తనలో తాను గొణుక్కుంటూ వచ్చింది. చుక్క ఎంత పాలిచ్చేదో, నల్లకొమ్ములది ఎన్ని పిల్లలు పెట్టేదో. చచ్చిన బర్రె పాలు కుండెడన్నట్టు, ఆ నడకలో జీవాలన్నీ మరింత గొప్పవయ్యాయి. అందరికంటే వెనక గోపి.

చేను ఎంతో దూరం లేదు. బుచ్చన్నకు మాత్రం మధ్య మధ్య నిలబడాల్సి వచ్చింది. నిలబడినప్పుడల్లా ఖాళీ దొడ్డి వైపు చూపు పోకుండా జాగ్రత్తపడ్డాడు.

గుంత ఇప్పుడు గుంతలా లేదు. కొంచెం ఉబ్బిన నేల. మీద వయ్యారిభామ మొలిచింది, పూతకొచ్చింది. అంతా ఒకే ఎత్తున, ఒకేసారి చల్లిన నారుమడిలా ఉంది. ఒక చోట ఎక్కువ, ఒక చోట తక్కువ అని లేదు. మొన్నటి వానలకు ఒక పక్క అంచు కోసుకుపోయింది. ఆ కోతలో ఎర్రమట్టి కింద తెల్లటి గీత కనబడుతోంది. వేలెడు మందం సున్నం.

శిల్ప వంగి చూసింది. చెయ్యి పెట్టబోయి వెనక్కి తీసుకుంది.

"ఒక్కటే గీత," అంది నెమ్మదిగా.

బుచ్చన్న ఆ గీతను చూడలేదు. పక్క చేను వైపు చూస్తున్నాడు. జొన్నమోళ్ళు దున్నకుండా అట్లాగే ఉన్నాయి. పిలకలు ఇప్పుడు నడుమెత్తు పెరిగాయి. కిందివి కొన్ని మాత్రం ఎప్పుడో ఎవరో కొరికినట్టు మొండిగా ఉన్నాయి.

"నాము," అన్నాడు.

ఏసమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. మేకల నడుమ పెరిగిన మనిషి, ఆ ఒక్క మాటతో ఆమెకు మొత్తం తెలిసిపోయింది. మట్టిలోనే కూలబడింది. కాసేపటికి కోడలి వైపు చూసి, "ఒక్కపూటనే పోయినయా?" అంది.

"ఒక్కపూటనే అత్తా."

"మరి ఎందుకు చెప్పలేదే నాకు? ఇన్నొద్దుల నుంచి నోటికొచ్చినట్టు అంటుంటె ఎందుకు పడి ఉన్నవు?"

వసంత గుంత మీది పూలను చూస్తూ నిలబడింది. మొగుడి పేరు చెప్పడం ఒక్క క్షణం పని. ఆ పేరు తన నోటితో రాకూడదనుకుంది. అది మొగుడి మీద ప్రేమ కాదు. ఇన్నాళ్ళు మోసిన బరువును ఆఖరుకు కూడా తనే దించాలా అన్న అలసట.

దూరంగా కాలువ కట్ట మీద ట్రాక్టరు పోతున్న చప్పుడు.

"నేనే తోలిన," అన్నాడు గోపి. "పచ్చగుంది గదా అని తోలిన. నాకు గుర్తుకు రాలే నాయినా. చెప్పొద్దని దీనికి నేనే చెప్పిన. నీ గుండెకు ఏమన్న అయితదని జర జర చెప్పుమన్న."

ఏసమ్మ కొడుకును తిట్టడానికి నోరు తెరిచింది. తిట్లన్నీ కోడలి మీదే అయిపోయాయి.

బుచ్చన్న గట్టు మీద కూర్చున్నాడు. ఊపిరి కుదురుకోనిచ్చాడు.

"నాము తెల్వకపోతే తప్పు లేదురా," అన్నాడు. "నిన్ను పూణె పంపింది నేనే. ఆడ నాము యాడుంటది? ఒక్కపారే పోయినయి నాయినా అంటే నేను ఒక్కపారే ఏడుస్తుంటి. మా నాయిన పోయిననాడు ఏడ్వలేదా? చావలేదు గద. నువ్వు రోజుకొకటి చొప్పున చెప్పించినవు. ఆ దవాఖానల పొద్దుగూకుతుందంటే నాకు వణుకు పుట్టేది. ఫోను వస్తది, ఈయాల ఏది పోయిందంటదో అని. డాక్టరు సూది పొడిస్తె నొప్పి తెల్వకపోయేది, ఫోను మోగితె నొప్పయ్యేది. పక్క మంచమోళ్ళు అడిగేటోళ్ళు, ఎందుకు తాతా గంత పరేషాన్ అని."

వసంత వైపు తిరిగాడు.

"చుక్క మేస్తుందంటివి బిడ్డా."

వసంతకు అప్పుడు వచ్చింది ఏడుపు. "నీకు ఆఖరు దాంక అదొక్కటన్న ఉండాలనుకున్న మామా."

"ఉండె. రాత్రి పండుకునేటప్పుడు అనుకునేటోణ్ణి, అన్ని పోయినా చుక్క ఉంది, పోతనే నా దగ్గరికి ఉరుక్కుంట వస్తది అని. తర్వాత నువ్వు దాన్ని గూడ సంపితివి." ఆయన గొంతులో నిష్ఠూరం లేదు, ఉత్త నీరసమే. "నీ తప్పు కాదు తియ్యి. నీకిచ్చిన పని గట్లాంటిది. మీ అన్నకు ఫోను చెయ్యి, బయల్దేరకుంటే రావద్దను. బయల్దేరితే వచ్చి అన్నం తిని పొమ్మను."

ఏసమ్మ కోడలి వైపు చూడలేక, కొంగుతో మొహం తుడుచుకుని, "చేస్త, నేనే చేస్త," అంది. లేవబోయింది.

"కూసో ఏసమ్మా. ఇంకొక మాట ఉంది," అన్నాడు బుచ్చన్న.

ఆమె కూర్చుంది.

"మనింట్ల మాటను ముక్కలు చేసుడు అందరికి వచ్చింది. మంచిదే. మరి నా సంగతేంది? దవాఖాన నుంచి వచ్చేటప్పుడు డాక్టరు వీణ్ణి ఒక్కణ్ణే లోపలికి పిలిచిండు. బయటికి వచ్చి నాకేం చెప్పిండు? జర నీరసం ఉంటది నాయినా, తగ్గుతది అన్నడు. అది పూర మాటనా? ఈయాల్టి ముక్కనా?"

వసంత అత్త వైపు చూసింది. ఏసమ్మ మొహంలో ఏమీ లేదు. ఆమెకూ తెలియదు. ఆమె కొడుకు వైపు చూస్తోంది. శిల్ప కూడా అటే చూస్తోంది.

"చెప్పు బిడ్డా గోపీ," అన్నాడు బుచ్చన్న. "ఒక్కపారే చెప్పు."

గోపి ఎవరి వైపూ చూడలేదు. గుంత అంచున మోకాళ్ళ మీద కూర్చుని, వాన కోసిన చోట బయటపడ్డ ఆ తెల్లటి గీత మీద, రెండు చేతులతో మట్టి ఎత్తి కప్పడం మొదలుపెట్టాడు.